రీలు కెమెరా కావాలందండీ మా ఆవిడ!

పదో పెళ్లిరోజుకి ఏం కావాలని అడిగితే చీరో, గాజులో అంటుందనుకున్నా. ‘రీలు కెమెరా’ అంది! ఆ ఒక్క మాట పట్టుకుని జుమ్మెరాత్ బజారులో దుమ్ము మింగాను, కోఠి గల్లీల్లో చెప్పులరగదీశాను, చివరికి గోదావరి మీద పంటెక్కాను. ఆ తిరుగుడు కథే ఇది.

మొదట నవ్వింది మా పాప. దానికి ఎనిమిదేళ్లు. ‘‘రీల్స్ కెమెరానా? అమ్మ ఫోన్లోనే ఉందిగా నాన్నా!’’ అంది. రీలంటే దాని లెక్కలో పావు నిమిషం డాన్సు. రీలంటే ఒక చిన్న డబ్బా అనీ, అందులో 36 ఫొటోలే ఉంటాయనీ, తీసిన వెంటనే ఎలా వచ్చిందో చూసుకోవడం కుదరదనీ చెబితే నమ్మలేదు. ‘‘మరి ఎందుకది?’’ అనడిగింది.

నాక్కూడా ముందు అదే అనుమానం. రోజుకి వంద ఫొటోలు తీసే ఫోను జేబులో ఉండగా ఇదేం సరదా? కానీ మా ఆవిడది సరదా కాదు.

మూడేళ్ల కిందట మా ఫోను నీళ్ల బకెట్లో పడింది. బియ్యంలో పెట్టాం, ఎండలో పెట్టాం, బాగుచేసేవాళ్ల చుట్టూ తిరిగాం. లేవలేదు. ఫొటోలు మరోచోట దాచుకోవాలన్న జ్ఞానం అప్పటికి మాకు లేదు. పాప అన్నప్రాశన, మొదటి అడుగులు, అక్షరాభ్యాసం... బంధువులకు పంపిన నాలుగైదు తప్ప అన్నీ పోయాయి. ఆ సంగతి వచ్చినప్పుడల్లా మా ఆవిడ మాట్లాడటం మానేసి వంటింట్లోకి వెళ్లిపోతుంది.

ఆ తరవాత ఒక సంక్రాంతికి కోనసీమలో వాళ్ల ఊరెళ్లాం. రాజోలు దగ్గర పల్లెటూరు. అటక మీది రేకు పెట్టె దించితే అడుగున పాత ఆల్బమ్, దాని వెనక బటర్ పేపరు సంచుల్లో నెగెటివ్‌లు. ఒక ముక్క తీసి కిటికీ వెలుగులో పెట్టి చూశాం. నల్లటి పళ్లు, తెల్లటి జుట్టుతో నవ్వుతున్న అయిదేళ్ల పిల్ల. మా ఆవిడే! హైదరాబాద్ తెచ్చి ప్రింటు వేయిస్తే గౌను మీది పువ్వులతో సహా వచ్చింది. ముప్పయ్యేళ్లు అటక మీద, కోనసీమ తేమలో పడున్నా చెక్కుచెదరలేదు. మూడేళ్లనాటి మా ఫోను మాత్రం...

‘‘చూశారా, అసలు కాపీ అంటే ఇదండీ’’ అంది మా ఆవిడ.

దండ వెనక చెయ్యి

అదే ఇంటి హాల్లో వాళ్ల తాతగారి ఫొటో ఉంది. గంధపు దండ వేసి, కింద చిన్న లైటు. దగ్గరకెళ్లి చూస్తే ఆయన భుజం మీద ఎవరిదో చెయ్యి కనిపిస్తుంది. ఎవరి పెళ్లిలోనో తీసిన గ్రూపు ఫొటోలోంచి ఆయన మొహాన్ని కత్తిరించి పెద్దది చేయించారు. ఆయన ఒక్కరే ఉన్న ఫొటో ఇంట్లో మరొకటి లేదు. ఆ చెయ్యి ఎవరిదో చెప్పగలిగినవాళ్లూ ఇప్పుడు లేరు. మన ఇళ్లలో చాలా దండల వెనక కథ ఇదే. మనిషి ఉన్నన్నాళ్లూ ఎవరికీ ఫొటో గుర్తుకురాదు. పోయాక రేషన్ కార్డు, ఓటరు కార్డు వెతుకుతాం.

ఇక మామ్మగారు... మా ఆవిడ నాయనమ్మ. 86 ఏళ్లు. లేసు అల్లడంలో పెట్టింది పేరు. ఇప్పటికీ కళ్లజోడు పెట్టుకుని అరుగు మీద కొంకి కదుపుతూనే ఉంటారు. ఆవిడకి ఫోనంటే గిట్టదు. ఎవరైనా ఫోనెత్తితే చాలు, మొహం తిప్పేసుకుంటారు. ‘‘అది తీసి ఎవరెవరికి పంపుతారో! నా మొహం ఊరంతా తిరగాలా?’’ అంటారు. మనవరాలు బతిమాలితే ఆ సంక్రాంతికి ఒక మాటన్నారు. ‘‘రీలు కెమెరా తెండే. అదైతే కూచుంటాను. ఫొటో వేసి నా చేతికి ఇవ్వాలి మరి.’’

పెళ్లిరోజు కోరిక వెనకున్న అసలు సంగతి అదన్నమాట. మళ్లీ సంక్రాంతి వచ్చేలోగా కెమెరా కావాలి. ఎందుకంత తొందరని నేనడగలేదు. తనూ చెప్పలేదు.

జుమ్మెరాత్ బజారులో...

ఉర్దూలో జుమ్మెరాత్ అంటే గురువారం. పురానాపూల్ దగ్గర ఆ రోజు పెట్టే సంతకి అదే పేరు. ఒక గురువారం సెలవు పెట్టి పొద్దున్నే వెళ్లాను. నేల మీద గోనెపట్టాలు, వాటి మీద ప్రపంచం. తుప్పు పట్టిన రెంచీలు, ఒంటికాలి బూటు, పాత ఫ్యాను మోటార్లు, వైర్లు, ఇత్తడి గ్లాసులు. ఈ మధ్యలో అక్కడక్కడా కెమెరాలు.

ఒకచోట ఆగ్ఫా క్లిక్-3 కనిపించింది. ఒకప్పుడు మన మధ్యతరగతి ఇళ్లకి తొలి కెమెరా అదే. మరోచోట మూత ఊడిన కొడాక్ కేబీ-10. దాని పక్కన యాషికా. ధర అడిగితే రెండొందలు అన్నాడు. పనిచేస్తుందా అంటే, ‘‘చూస్కో సార్, నేను అమ్మేటోణ్ని, ఫొటోగ్రాఫర్ని కాదు’’ అన్నాడు. ఆ నిజాయతీకి దండం పెట్టి కదిలాను. ఇలాంటి చోట కెమెరా కొనాలంటే రెండుండాలి... కెమెరాల గురించి బాగా తెలిసుండాలి, పోతే పోనీ అనుకునే మనసుండాలి. నాకు రెండూ లేవు.

తరవాత చేసిన తప్పు మాత్రం నాదే. వాడేసిన కెమెరాలమ్మే ఒకాయన దగ్గర వెండిరంగులో సన్నగా, ముద్దుగా ఉన్న జూమ్ కెమెరా చూశా. 38 నుంచి 140 మిల్లీమీటర్ల జూమ్! ఆడవాళ్ల హ్యాండ్‌బ్యాగులో ఇమిడిపోతుందని, మా ఆవిడ చెయ్యి చిన్నదని, బరువుండకూడదని నేనే తేల్చేసుకున్నా. 4,500 ఇచ్చి తెచ్చేశా. తనను మాటమాత్రమైనా అడగలేదు. సర్‌ప్రైజ్ కదా!

సర్‌ప్రైజ్ నాకే మిగిలింది. వ్యూఫైండర్ గోరంత. కళ్లజోడుతో చూస్తే మధ్యభాగం తప్ప అంచులు కనిపించవు. ‘‘తలకాయలు తెగుతున్నాయో లేదో ఎలా తెలుస్తుందండీ?’’ అంది. ఆన్ చేసిన ప్రతిసారీ ఫ్లాష్ దానంతటదే వెలుగుతుంది. వద్దనుకుంటే బటన్ మళ్లీ మళ్లీ నొక్కాలి. బ్యాటరీ కిరాణా కొట్లో దొరికేది కాదు. మూడు వోల్టుల లిథియం బ్యాటరీ, దానికోసం ప్రత్యేకంగా వెతకాలి. అయినా మొగుడు తెచ్చాడని ఒక రీలు తీసింది. కడిగించాం. మొత్తం ఖాళీ! రీలు మొన లోపలి చక్రానికి పట్టుకోలేదు, 36 సార్లు నొక్కినా ముందుకి కదల్లేదు. రెండో రీలు సగంలో ఉండగా కెమెరాయే ఆగిపోయింది.

చాచా అడిగిన ప్రశ్న

ఆగిపోయిన కెమెరా పట్టుకుని కోఠి వెళ్లాను. ఉస్మానియా మెడికల్ కాలేజీ మెట్రో స్టేషన్లో దిగి నడిస్తే జనసముద్రం. బ్యాంక్ స్ట్రీట్, దాన్ని ఆనుకుని గుజరాతీ గల్లీ. ఒకప్పుడు రేడియోలు, టేప్‌రికార్డర్లు, వాక్‌మన్‌లు కొనాలంటే హైదరాబాదీలకి గుర్తొచ్చే చోటు. ఇప్పుడెటు చూసినా సీసీ కెమెరాలు, ఛార్జర్లు, ఫోను తొడుగులు. రీలు కెమెరా అని అడిగితే కుర్రాళ్లు వింతగా చూశారు. ఇద్దరు ముగ్గురు దాటాక ఒకాయన పక్క సందులోకి వేలు చూపించాడు.

మేడ మెట్ల కింద బల్ల, బల్ల మీద టేబుల్ లైటు, కంటికి భూతద్దం పెట్టుకుని కూర్చున్న పెద్దాయన. అందరూ చాచా అంటున్నారు, నేనూ అలాగే పిలిచా. కెమెరా చేతికిస్తే అటూ ఇటూ తిప్పి చూశారు.

‘‘ఫ్లెక్స్ పోయింది బేటా. లెన్స్ ముందుకీ వెనక్కీ పోతది కదా, దాంతోపాటు లోపల ఒక పల్చటి పట్టీ మడతపడుతుంటది. అన్నేళ్లు మడిచి మడిచి తెగింది. పార్టు లేదు.’’

నేను ఉసూరుమన్నా. ఇంకొకటి చూపించమంటే ఆయన వెంటనే చూపించలేదు. ఒక ప్రశ్న వేశారు.

‘‘కెమెరా నీకా?’’

‘‘కాదు చాచా, మా ఆవిడకి.’’

‘‘మరి ఆమె ఏది?’’

నా దగ్గర జవాబు లేదు. ‘‘చెప్పులు కొననీకి కాళ్లు తీసుకపోవా?’’ అన్నారు చాచా. ‘‘కన్ను ఆమెది, చెయ్యి ఆమెది. నువ్వు చూసి నేనిస్తే ఎట్ల? శనివారం తీసుకరా.’’

ఈ ఊళ్లో ఆడవాళ్లూ... కెమెరాలూ

తిరిగొస్తూ ఆలోచిస్తే ఒక చిత్రమైన సంగతి గుర్తొచ్చింది. కెమెరా వెనక ఆడవాళ్లు నిలబడటం హైదరాబాద్‌కి కొత్త కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఫొటోగ్రాఫర్ రాజా లాలా దీన్‌దయాళ్. 1905లో కన్నుమూసేదాకా ఆయన తీసిన నిజాం దర్బారులు, రాజభవనాలు, వేటల ఫొటోలే ఇవాళ మనకి ఆనాటి హైదరాబాద్‌ను చూపిస్తున్నాయి.

ఆయన 1892లో ఇక్కడ ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టారు. పరదా పాటించే ఇళ్ల స్త్రీలు పరాయి మగవాళ్ల ముందుకు రారు కాబట్టి అక్కడ ఫొటోలు తీసేదీ మహిళే. కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల వనిత దాన్ని నడిపారు. అంటే నూటముప్పయ్యేళ్ల కిందటే ఈ ఊళ్లో ఒక స్త్రీ కెమెరా పట్టుకుంటే, ఎదుట మరో స్త్రీ బెరుకు లేకుండా కూర్చుంది. మామ్మగారు మనవరాలి ముందు కూర్చుంటాననడంలో అంత వింతేముంది?

మూడు కెమెరాలు... ఒక పరీక్ష

శనివారం ముగ్గురం వెళ్లాం. చాచా బల్ల మీద మూడు కెమెరాలు వరసగా పెట్టారు.

మొదటిది యాషికా ఎంఎఫ్-2. మన పెళ్లిళ్లలో, విహారయాత్రల్లో ఒకప్పుడు ఎక్కడ చూసినా ఇదే. ఫోకస్ మార్చే పనిలేదు, తయారైనప్పుడే ఒకచోట బిగించేశారు. రీలు చేత్తో తిప్పుకోవాలి. మామూలు పెన్సిల్ సెల్స్ చాలు. ధర తక్కువ. కాకపోతే నాలుగైదు అడుగుల కన్నా దగ్గరికెళ్తే మొహం మసకగా వస్తుంది.

రెండోది ఒలింపస్ మ్యూ-2. 1997లో వచ్చింది. సబ్బుబిళ్లలా నున్నగా ఉంటుంది, ముందు మూత జరిపితే ఆన్. బరువు దాదాపు 135 గ్రాములే. 35 మిల్లీమీటర్ల చక్కటి లెన్స్, నాలుగు చినుకులు పడినా ఏమీ కాదు. దీన్ని చూడగానే నా చెయ్యి ఆగలేదు. ధర వినగానే ఆగింది. మా నెల ఇంటద్దెను మించింది! రీలు కెమెరాలు మళ్లీ ఫ్యాషనయ్యాక ఇలాంటివాటి ధరలు చెట్టెక్కి కూర్చున్నాయి. 2017లో అమెరికా టీవీ షోలో మోడల్ కెండల్ జెన్నర్ తన కాంటాక్స్ టీ-2 గురించి మురిపెంగా చెప్పాక దాని కోసం జనం ఎగబడ్డారు. పేరున్న కెమెరాకి మనమిచ్చే డబ్బులో లెన్స్ వాటా కొంత, పేరు వాటా కొంత.

మూడోది కెనాన్ షూర్‌షాట్ మొదటి మోడల్. 1979 నాటిది. జపాన్‌లో దీన్ని ఆటోబాయ్ అనేవారు. 38 మిల్లీమీటర్ల లెన్స్, జూమ్ లేదు. ఎదుటి మనిషి ఎంత దూరంలో ఉన్నారో కంటికి కనిపించని పరారుణ కిరణం పంపి కొలుస్తుంది, ఫోకస్ అదే చేసుకుంటుంది. రీలు మోటారే తిప్పుతుంది. చూడటానికి నల్లటి ఇటుక. బరువు దాదాపు 400 గ్రాములు. ‘ఇది మా ఆవిడకేం నచ్చుతుందిలే’ అనుకుని దాన్ని పక్కకి జరిపాను.

మా ఆవిడ లెన్స్ గొప్పదనం అడగలేదు. కంపెనీ పేరూ అడగలేదు. ఒక్కోటీ కంటి దగ్గర పెట్టుకుంది. కళ్లజోడు తియ్యకుండానే చూసింది. నిలువుగా తిప్పి చూసింది. తరవాత పాప చేతికిచ్చి తనకి ఫొటో తియ్యమంది. అప్పుడు రెండు ప్రశ్నలడిగింది.

‘‘సెల్స్ మా ఊళ్లో దొరుకుతాయా?’’

‘‘ఆగిపోతే ఎవరు బాగుచేస్తారు?’’

చాచా మొహం వెలిగిపోయింది. ‘‘ఇట్ల అడిగేటోళ్లు లేరమ్మా ఇప్పుడు. ఇదుంది చూడు, రెండు పెన్సిల్ సెల్స్. ఏ కిరాణా దుకాణంల అయినా దొరుకుతయ్. చిన్నచిన్న రిపేర్లు నేను చేస్త. ఒలింపస్ మంచిదే, కానీ లోపల ఏదన్న పోతే పాయె’’ అంటూ ఆ నల్ల ఇటుకను చేతికిచ్చారు.

‘‘బరువుగా లేదూ?’’ అన్నాను నేను, ఒలింపస్ మీద ఆశ చావక.

‘‘బరువుంటేనే చెయ్యి వణకదండీ. ఇందులో నాలుగు మూలలూ కనిపిస్తున్నాయి కూడా. అయినా రెండు సంచుల కూరగాయలు మోసే చేతులివి, అరకిలో కెమెరా మొయ్యలేవా?’’ అంది. పాప కిసుక్కున నవ్వింది. చాచా భూతద్దం సర్దుకున్నారు.

ఏడు వేలు చెప్పి ఆరు వేలకిచ్చారు. వారంరోజులు తన దగ్గరే ఉంచుకుని లెన్స్ తుడిచి, వెనక తలుపు అంచుల్లో జిగురుగా కరిగిపోయిన పాత స్పాంజి గీకేసి కొత్తది అతికించారు. ఆ స్పాంజి బాగా లేకపోతే సందుల్లోంచి వెలుగు దూరి ఫొటోల మీద ఎర్రటి చారలు పడతాయట.

మీరూ కొంటున్నారా?

• ఎవరి కోసమో వాళ్లని తీసుకెళ్లండి. కళ్లజోడుంటే కళ్లజోడుతోనే వ్యూఫైండర్లో చూడమనండి.

• సెల్స్ పెట్టే అర తెరవండి. పచ్చగానో, తెల్లగానో పొడి కడితే లోపల సెల్స్ కారిపోయినట్లు.

• వెనక తలుపు తీసి, లెన్స్ మీద టార్చి వెయ్యండి. సాలెగూడులా తెల్లటి తీగలుంటే బూజు పట్టినట్టే. అది పూర్తిగా పోవడం కష్టం.

• సెల్స్ వేసి షట్టర్, మోటారు, ఫ్లాష్ మూడూ చూడండి. ఫ్లాష్ మళ్లీ సిద్ధమవడానికి నిమిషాలు పడితే వదిలెయ్యండి.

• జూమ్ చూసి మురిసిపోకండి. పూర్తిగా ముందుకి లాగితే లెన్స్‌లోకి వెలుగు బాగా తగ్గిపోతుంది. ఇంట్లో తీసే ఫొటోలకి జూమ్ లేని లెన్సే మేలు.

• రీలు డబ్బా మీది నలుపు, వెండి గళ్లు చూశారా? అది డీఎక్స్ కోడ్. 1983లో వచ్చింది. ఆ తరవాతి కెమెరాలు చాలావరకు దాన్నిబట్టి రీలు వేగం తెలుసుకుంటాయి. అంతకు ముందువాటిలో మనమే అంకె పెట్టాలి.

• కొత్తదే కావాలంటే అదీ ఉంది. 2024లో పెంటాక్స్-17 వచ్చింది. ఫ్రేముని సగం చేసి 36 రీలుతో 72 ఫొటోలు తీస్తుంది. ధర ఎక్కువ.

• విదేశాల నుంచి వచ్చే పిల్లలతో రీళ్లు తెప్పించుకుంటే చెకిన్ సూట్‌కేసులో పెట్టొద్దని చెప్పండి. అక్కడి స్కానర్లు రీలుని పాడుచేస్తాయి. చేతిసంచిలో పెట్టుకుని, తనిఖీ దగ్గర విడిగా తీసి చూపిస్తే మంచిది.

నొక్కితే నలభై రూపాయలు!

కెమెరా ఖర్చు ఒక్కసారే. రీలు ఖర్చు ఎప్పుడూ ఉండేదే. మాకు 36 ఫొటోల కలర్ రీలు 900 పడింది. కడిగి, స్కాన్ చేసినందుకు మరో 500. అంటే ఒక్కో నొక్కుడికీ దాదాపు 40 రూపాయలు! ప్రింట్లు అదనం. ఒకప్పుడు ప్రతి సెంటర్లోనూ కలర్ ల్యాబ్ ఉండేది, గంటలో ఫొటోలు చేతికొచ్చేవి. ఇప్పుడు రీలు కడిగేవాళ్లని ఊరంతటిలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కడగడమంటే నీళ్లతో కాదు. డెవలపర్ ద్రావణం సరిగ్గా 38 డిగ్రీల వేడి దగ్గర ఉండాలి, అందులో రీలు మూడుంపావు నిమిషాలు నానాలి. కాస్త అటూ ఇటూ అయినా రంగులు మారిపోతాయి.

కాబట్టి మామ్మగారి దగ్గరికి వెళ్లేముందు ఒక రీలు చేయి తిరగడానికని కేటాయించాం. ఒక ఆదివారం పొద్దున ఆబిడ్స్‌లో పేవ్‌మెంట్ మీది పాత పుస్తకాల దగ్గర మొదలుపెట్టి, మొజంజాహీ మార్కెట్ దాకా నడిచాం. 1935లో కట్టిన ఆ రాతి మార్కెట్, గడియారం గోపురం, కింద ఐస్‌క్రీమ్ బల్లలు. నేను ‘అది తియ్యి, ఇది తియ్యి’ అంటూనే ఉన్నా. మా ఆవిడ వినలేదు. కెమెరా కంటికి పెట్టుకుంటుంది, చూస్తుంది, దించేస్తుంది. ఫోనైతే ఆ పాటికి నలభై తీసుండేది. ఆ పూట మొత్తం తీసినవి పన్నెండు.

రీలు కడిగిస్తే 36లో 31 బాగా వచ్చాయి. పోయిన అయిదూ పాఠాలే. రెండింటిలో ఫోకస్ కిటికీకి వేలు అడ్డొచ్చింది. రెండు మరీ దగ్గర నుంచి తీసినవి. ఈ కెమెరాకి కనీసం మూడడుగుల దూరం కావాలి. పాప ఐస్‌క్రీమ్ మసక, వెనక గోడ స్పష్టం! అయిదోది నేను తీసింది. ఏమైందో మా ఆవిడ చెప్పనివ్వలేదు. నవ్వుతూనే ఉంది.

పంటు దాటి...

సంక్రాంతి వచ్చింది. నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో దిగి, రేవు దగ్గర పంటెక్కాం. వశిష్ఠ గోదావరి దాటితే అవతల సఖినేటిపల్లి. పంటు మీద స్కూటర్లు, గడ్డి మోపులు, పండక్కి ఇళ్లకెళ్తున్న జనం. నీటి మీద మంచు ఇంకా విడలేదు. ఒకే ఒక్క ఫొటో తీసింది మా ఆవిడ.

రీలు 400 వేగంది తెచ్చాం. చాచా చెప్పిన సలహా అది. కోనసీమలో ఎండ ఎంతున్నా కొబ్బరిచెట్ల కింద నీడే, ఇళ్లలో మరీను. మామూలు 200 రీలైతే ఫ్లాష్ వాడాల్సి వస్తుంది. ఫ్లాష్ పడితే మామ్మగారు కళ్లు మూస్తారు. మర్చిపోకుండా 400 అంకెను లెన్స్ చుట్టూ ఉన్న చక్రం మీద పెట్టింది. తేమ ఊరు కాబట్టి కెమెరాని గట్టి మూత డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలతో తీసుకొచ్చింది. లేకపోతే లెన్స్‌కి బూజు పట్టడానికి ఒక్క వర్షాకాలం చాలట.

మామ్మగారు కెమెరాని చేతిలోకి తీసుకుని బరువు చూశారు. ‘‘ఆఁ... ఇదీ కెమెరా అంటే!’’ అన్నారు. మర్నాడు పొద్దున్నే తలంటు పోసుకుని, జరీ అంచు తెల్లచీర కట్టుకుని అరుగు మీదికొచ్చారు. గోడకి ఆనుకుని బిగుసుకుపోయి కూర్చున్నారు. పాతకాలం ఫొటోల్లోలా చేతులు మోకాళ్ల మీద, చూపు తిన్నగా. ఆ భంగిమలో ఒకటి తీసింది మా ఆవిడ. మోటారు కిర్రుమంది. ఆ చప్పుడుకి మామ్మగారు ఉలిక్కిపడి, ‘‘ఏంటే అది, తిరగలిలా?’’ అంటూ నవ్వేశారు. ఆ నవ్వుకి మళ్లీ కిర్రుమంది.

ఆ తరవాత ఆవిడ కెమెరా సంగతే మర్చిపోయారు. కొంకి, దారం తీసుకుని లేసు అల్లుకుంటూ పాపకి ఎప్పటిదో గోదావరి వరద కథ చెప్పసాగారు. మా ఆవిడ మూడడుగుల దూరంలో గచ్చు మీద కూర్చుని ఎదురుచూసింది. అరగంటలో నాలుగు తీసింది. నేను జేబులోంచి ఫోను తియ్యలేదు. తియ్యబుద్ధి కాలేదు.

‘‘నేను పడ్డానుటే అందులో?’’ అనడిగారు చివర్లో.

‘‘పడ్డావు మామ్మా. కడిగించాక చూద్దువుగాని.’’

‘‘అప్పటిదాకా ఉండాలన్నమాట అయితే’’ అన్నారు. ఎవరూ ఏమీ అనలేకపోయాం.

హైదరాబాద్ వచ్చిన మర్నాడే రీలు ఇచ్చాం. ఆ నాలుగు రోజులూ మా ఇంట్లో పరీక్ష ఫలితాల ముందు రోజుల్లా గడిచాయి. మొదటి రీలు ఖాళీగా వచ్చిన సంగతి ఎవరం ఎత్తలేదు. కవరు విప్పితే మామ్మగారు ఉన్నారు. బిగుసుకుని కూర్చున్నదీ ఉంది, నవ్విందీ ఉంది. ఆ రెండోదాంట్లో ముడతలన్నీ నవ్వుతున్నాయి. వేళ్ల మీద తెల్లదారం మెలిక కూడా కనిపిస్తోంది. భుజం మీద పరాయి చెయ్యి లేదు. నెగెటివ్‌లు బటర్ పేపరు సంచిలో పెట్టి, తేదీ రాసి బీరువాలో దాచింది మా ఆవిడ.

పెద్ద ప్రింటు వేయించి ఉగాదికి తీసుకెళ్లి చేతికిచ్చాం. మామ్మగారు కళ్లజోడు తుడుచుకుని చాలాసేపు చూశారు. ‘‘నవ్వేటప్పుడు మా అమ్మలా ఉన్నానే!’’ అన్నారు నెమ్మదిగా. ఆవిడ అమ్మ ఫొటో ఎక్కడా లేదట. ఆ ఇంట్లో ఆ మొహం చూసినవాళ్లలో మిగిలింది ఆవిడొక్కరే.

మా మావయ్యగారు ఫ్రేము కట్టించి హాల్లో పెడదామన్నారు. మామ్మగారు ఫొటోని గభాల్న ఒళ్లోకి లాక్కున్నారు.

‘‘గోడకెందుకురా అప్పుడే? దండకి తొందరేం లేదు. పెట్టెలో పెట్టండి. అప్పుడప్పుడూ తీసి నేనే చూసుకుంటాను!’’